మా గల్లీల నాలుగో స్థలం

ఉప్పుగూడ రైల్వే స్టేషన్ కాడ దిగి మా ఇంటి నెంబరు చెప్తే ఆటో అన్నలు తెల్లమొహం వేస్తరు. అదే "మూడోసారి పడ్డోళ్ళ ఇల్లు" అంటే కళ్ళు మూసుకొని తెచ్చి గేటు ముందర దించుతరు. మా ఇంటి పక్కన ఇస్త్రీ డబ్బా నడిపే భాయ్‌కి మా ప్రార్థనల సంగతి అసలే తెల్వది. అయినా నా అంగీలు పొరపాటున ఇంకో ఇంటికి పోతే "అరె, వో తీస్రీ బార్ గిరే సో ఘర్ కే హై" అని కేకేసి వాపస్ తెప్పిస్తడు.

మా ఇంట్ల ఎవ్వరం మూడుసార్లు పడలే. పడ్డది యేసు ప్రభువు.

సంగతేందంటే, ఈస్టర్‌కు ముందర వచ్చే తపస్సుకాలంల ప్రతి శుక్రవారం సాయంత్రం మేం సిలువ మార్గం చేస్తం. ప్రభువుకు చావు తీర్పు చెప్పిన కాడి నుంచి సమాధిల పెట్టిన దాక పద్నాలుగు స్థలాలు. ఒక్కొక్క స్థలం కాడ ఆగాలె, మోకాళ్ళూనాలె, ధ్యానం చదవాలె, పాడుకుంట ముందుకు పోవాలె. వేరే చర్చిలల్ల ఆ పద్నాలుగు పటాలు గోడలకు ఉంటయి. మా చర్చికి గోడ తక్కువ, కిటికీలు ఎక్కువ. కట్టినాయనకు గాలి అంటే ప్రాణమో, ఇటుకలంటే పగనో తెల్వది. పటాలు తగిలియ్యడానికి జాగ లేక మా పెద్దోళ్ళు ఇంటికొకటి పంచిపెట్టిన్రు. పటం ఏడాదంతా ఆ ఇంటి ముందరి అర్రల ఉంటది. శుక్రవారం వచ్చిందంటే గేటు ముందర స్టూలేసి, తెల్లగుడ్డ పరిచి, పటం పెట్టి, రెండు కొవ్వొత్తులు, ఇన్ని బంతిపూలు. ఆ ఇంటి పెద్ద ధ్యానం చదువుతరు. నవాబులకు జాగీర్లు ఎట్లనో మాకు స్థలాలు అట్ల.

పదో స్థలం, ప్రభువు బట్టలు ఒలిచే స్థలం, దర్జీ ఇంటికి వచ్చింది. ఆయన ఇప్పటికీ మొహం మాడ్చుకునే ఉంటడు. పదకొండోది, మేకులు కొట్టుడు, వడ్రంగి అన్న అడిగి మరీ తీసుకున్నడు. పన్నెండు, పదమూడు, పద్నాలుగు చర్చి ఆవరణలనే చేస్తం. సమాధి మా ఇంట్ల పెట్టుకుంటం అని ఎవ్వరు ముందుకు రాలే మరి.

తొమ్మిదోది మాది. ప్రభువు మూడోసారి పడుట. మా గేటు ముందర ఒక గుంత ఉన్నది. దాంట్ల చిన్న కుటుంబం సామాను పెట్టుకొని సంసారం చెయ్యొచ్చు. ఎన్నిసార్లు పూడ్చినా మూడో దినానికి మళ్ళ లేస్తది. సిలువ మోసేటోళ్ళు మా కాడికి రాంగనే ఎవరో ఒకరు నిజంగనే తూలుతరు. మా స్థలంల ఉన్నంత భక్తి వేరే యాడ ఉండదని నేను అందరికి చెప్పుకుంట.

నాలుగో స్థలం మాకు ఐదిండ్ల అవతల. ప్రభువు తన తల్లిని కలుసుకొనుట. ఆ ఇంటామెను నేను అక్క అంట, ఆమె నన్ను తమ్మీ అంటది. ఆమె పెనిమిటి కంచన్‌బాగ్ ఫ్యాక్టరీల పనిచేస్తుండంగనే గుండె ఆగి పోయిండు. ఆ ఉద్యోగం కింద ఆమెను క్యాంటీన్‌ల పెట్టుకున్నరు. ఒక్కడే కొడుకు, ఏసీలు బాగుచేస్తడు. పెనిమిటి పోయిన ఏడు గూడ తపస్సుకాలం శుక్రవారం ఆమె స్టూలు బయట పెట్టింది. నెల మాసికం కాలే, నిలబడి ధ్యానం చదివింది. అప్పటి నుంచి మా గల్లీల ఎవరు ఎట్ల చదివినా, నాలుగో స్థలం కాడ మాత్రం పిల్లలు గూడ సప్పుడు చెయ్యరు. ఆమె "మోకాళ్ళూనుండ్రి" అంటే మోకాళ్ళ నొప్పులోళ్ళు గూడ కూలబడ్తరు.

ఇగ నా సంగతి. నయాపూల్ కాడ కోర్టుల నకళ్ళ సెక్షన్‌ల క్లర్కును. తీర్పులు, వాంగ్మూలాలు ఉన్నదున్నట్టు దించాలె. ఒక్క కామా ఎక్కువైనా తప్పే. పొద్దంతా ఉన్నదున్నట్టు రాసి రాసి నా ప్రాణం ఉడికిపోతది. అందుకే సాయంత్రం ఐదు కొట్టంగనే మూత తీసిన సోడా సీసా లెక్క అయిపోత. ఒక కుక్క చూస్తే మూడు కుక్కలు చెప్త. మూడు చూస్తే పులిని చెప్త. ఇంత వయసొచ్చినా తగ్గలే.

మొన్నటి తపస్సుకాలం రెండో వారంల, ఫైలు ఇచ్చిరమ్మంటే ఒక కోర్టు హాలుకు పోయిన. బోనుల అక్క కొడుకు నిలబడి ఉన్నడు. తెల్ల అంగీ, నున్నగ దువ్విన తల. అది ఒక యాక్సిడెంట్ కేసు. కంచన్‌బాగ్ రోడ్డు మీద లారీ ఎవరినో గుద్ది పోతే, అటు పనికి పోతున్న ఈ పిల్లగాడు తన బండి ఆపి, ఆ మనిషిని ఆటోల పండబెట్టుకొని దవాఖానకు తీస్కపోయిండు. అందుకని సాక్షి. బయటికి వచ్చినంక నన్ను చూసి దగ్గరికొచ్చిండు.

"మామా, అమ్మకు చెప్పకు. కోర్టంటేనే ఆమెకు భయం. పనికి పోతున్నని చెప్పొచ్చిన."

"నా నోట్లకెల్లి ఆమెకు ఒక్క ముక్క పోదు, పో" అని మాటిచ్చిన.

మాట తప్పలే. ఆమెకు తప్ప అందరికీ చెప్పిన.

శుక్రవారం సిలువ మార్గం అయినంక చర్చి రేకుల కింద చాయ్ తాగుతున్నం. ఫాదర్ కింద ప్రార్థనలు నడిపే ఉపదేశి అన్న, వడ్రంగి అన్న, దర్జీ, ఇంకో ముగ్గురు. అది రంజాన్ నెల గూడ. రోడ్డు మీదికెల్లి హలీం వాసన వస్తున్నది. మాకు శుక్రవారం మాంసం బంద్. అసలు నన్నడిగితే మా గల్లీల పదిహేనో స్థలం ఆ హలీం బట్టీ. ఆ వాసన నుంచి మనసు మళ్ళించుకుందామని నోరు తెరిచిన.

"నాలుగో స్థలం అక్క కొడుకును మొన్న బోనుల చూసిన."

ఆరు చాయ్ గ్లాసులు గాలిల ఆగిపోయినయి. ఆరు మొహాలు నా దిక్కు తిరిగినయి. మొహాలు అట్ల తిరిగినంక ఇగ నా నోరు నా మాట వినదు. అటొక పోలీసు ఇటొక పోలీసు అన్న. వకీలు గర్జిస్తే పైన ఫ్యాను ఆగిపోయింది అన్న. పిల్లగాని అంగీ పిండితే బకెట్ నిండేదన్న. 'సాక్షి' అన్న మాట మాత్రం చివరికి దాచిపెట్టుకున్న. కథ అంటే అట్లనే గదా, అసలు ముక్క ఆఖర్ల విప్పాలె. ఇంతల ఫాదర్ ఉపదేశి అన్నను పిలిచిండు. తతిమ్మావాళ్ళు గ్లాసులు పెట్టి లేచిన్రు. ఆ ముక్క నా నోట్లనే ఉండిపోయింది. రేపు చెప్దాం తియ్ అనుకొని ఇంటికొచ్చి పండుకున్న.

రేపు మర్చిపోయిన. ఎల్లుండి గూడ.

సోమవారం ఉపదేశి అన్న పేపర్ల చుట్టిన ఒక చదరపు వస్తువు చంకల పెట్టుకొని వచ్చిండు.

"ఇది ఈ ఏడు మీ ఇంట్ల ఉండనీ సారూ."

"ఏందన్నా ఇది?"

"నాలుగో స్థలం."

పేపరు తీస్తే నిజంగనే అక్క ఇంట్ల పటం. సిలువ మోస్తున్న కొడుకు, ఎదురుంగ తల్లి.

"అక్క ఇచ్చిందా?"

"అద్దానికి పర్రె ఉన్నది గదా, మార్పిస్తమని తెచ్చిన. అసలు సంగతి ఆమెకు ఇప్పుడే చెప్పి బాధపెట్టుడెందుకు? ఇంట్ల కేసు నడువంగ, పోలీసులు వచ్చిపోవంగ, ఆ గేటు ముందర ప్రార్థన పెడితే నలుగురు ఏమనుకుంటరని పెద్దలం అనుకున్నం."

"పోలీసులు ఇంటికి వచ్చిపోతున్నరా? ఎవరు చెప్పిన్రు?"

"నువ్వే గద సారూ. ఎనిమిది మంది పోలీసులంటివి."

నేను ఇద్దరన్న. మూడు దినాలల్ల నా ఇద్దరిని ఎనిమిది చేసిన్రు. మా గల్లీల నన్ను మించినోళ్ళు ఉన్నరని నాకు అప్పుడే తెలిసింది. సంతోషపడే టైము గాదు.

"అన్నా, ఆ పిల్లగాడు సాక్షి. దెబ్బ తగిలినాయనను దవాఖానకు తీస్కపోయిండు, గంతే."

ఉపదేశి అన్న నా భుజం మీద చెయ్యేసిండు. కండ్లల్ల ఎంత దయ అంటే, అంత దయ నా మీద మా అమ్మ గూడ చూపలే. "నీ మనసు మంచిది సారూ. ఆమె పరువు కోసం మాట మారుస్తున్నవ్."

"నిజం చెప్తున్న!"

"నిజమే అనుకుందం. పటం జాగ్రత్త."

వడ్రంగి అన్న తానకు ఉరికిన. ఆయన పలక నున్నగయ్యేటట్టు రంద పడుతున్నడు. చెప్పిందంతా విన్నడు.

"మూసీల మొసలిని చూసిన్నంటివి, యాదికున్నదా?" అన్నడు.

"అది వేరన్నా."

"పిల్లాజెల్లతోని నయాపూల్ దాక పోయినం. టైరు. లారీ టైరు." మళ్ళ రంద తీసుకున్నడు. "ఇప్పుడు సాక్షి అంటున్నవ్. మంచిదే. నువ్వు పొమ్మన్నప్పుడు కోర్టుకు గూడ పోయి చూసొస్తం."

నా జిందగీల నేను ఉన్నదున్నట్టు చెప్పిన మాట అదొక్కటే, దాన్నే ఎవ్వరు నమ్ముతలేరు.

ఇంట్ల మా ఆమె సంగతంతా విన్నది.

"మూడోసారి పడ్డోళ్ళ ఇల్లు అనిపించుకున్నది చాలలేదా? ఆ తల్లిని గూడ ఇంట్లకెల్లి పీకి మన గోడకు కొడ్తవా?"

"నేనెక్కడ పీకిన? అన్న తెచ్చిండు."

"నీ నోరు పంపింది, ఆయన తెచ్చిండు. నేనైతే గోడకు పెట్టను. నువ్వే చూసుకో ఆ మొహం." పటాన్ని తీసి ఫ్రిజ్ మీద నిలబెట్టింది, సరిగ్గ నేను అన్నం తినే కుర్చీకి ఎదురుంగ. రెండు దినాలు నేను ముద్ద పెట్టుకుంటే ఆ తల్లి చూసింది. పటంల ఆమె చూడవలసింది కొడుకు దిక్కు. చిన్నప్పటి నుంచి అట్లనే చూసిన. మా ఫ్రిజ్ మీద మాత్రం నా దిక్కే చూసింది.

బుధవారం పాపసంకీర్తనకు పోయిన. మోకాళ్ళూని, జాలీ కిటికీ అవతల ఉన్న ఫాదర్‌కు చెప్పుకున్న.

"ఎంతమందికి చెప్పినవ్?"

"ఇద్దరు ముగ్గురికి ఫాదర్." జిందగంతా హెచ్చవేత వేసినోన్ని, ఆడ మాత్రం భాగహారం చేసిన.

"ఎంతమందికి?"

"ఆరుగురికి."

"పోయి ఆమెకు చెప్పు. అదే నీ ప్రాయశ్చిత్తం."

"ఫాదర్, యాభై పరలోక జపాలు చెప్పుకుంట. కావాలంటే వంద మంగళవార్త జపాలు గూడ. ఇదొక్కటి వద్దు."

"ఇదొక్కటే."

"పోనీ మీరే పెద్దలకు చెప్పరాదు? మీరు చెప్తే నమ్ముతరు."

"ఈడ విన్నది ఈడనే ఉంటది. నేను మోసుకపోవద్దు. నువ్వే మోసుకపోవాలె."

ఊరు మొత్తంల నా మాట నమ్మినోడు ఒక్కడు, ఆయన నోటికి తాళం.

గురువారం సాయంత్రం పటం పేపర్ల చుట్టుకొని అక్క ఇంటికి పోయిన. ఐదిండ్ల దూరం. ఆ దినం మాత్రం అది చార్మినార్ దాక ఉండె. అక్క కొంగు నడుముకు చెక్కి గేటు ముందర చీపురుతోని రుద్ది కడుగుతున్నది, మర్నాడు శుక్రవారం గదా. స్టూలు అప్పటికే కడిగి బోర్లించింది. తీగ మీద తెల్లగుడ్డ ఆరుతున్నది. తెరిచిన తలుపులకెల్లి ముందరి అర్ర గోడ కనపడ్డది. ఒక మేకు, దాని కింద పటమంత జాగ తెల్లగ, చుట్టూ గోడ పొగచూరి. మేకుకు వాడిన బంతిపూల దండ ఒక్కటే వేలాడుతున్నది.

"అద్దం మార్చిన్రా తమ్మీ? నీతోని పంపిన్రా?"

"అద్దం అదే అక్కా. మార్చలే."

"మరి?"

చెప్పిన. చాయ్ నుంచి మొదలువెట్టి ఫ్రిజ్ దాక. చెప్పేటప్పుడు ఆమె మొహం చూడలే, బకెట్‌ల నీళ్ళు చూసిన. అయిపోయినంక ఆమె చీపురు గోడకు ఆనించింది. చేతులు కొంగుకు తుడుచుకున్నది.

"నా కొడుకు కోర్టుకు వచ్చిండా?"

అప్పుడు సమజైంది. నేను చేసిన తప్పు చెప్పడానికి పోయిన్నే గాని, పిల్లగాడు కోర్టుకు వచ్చిన సంగతే ఆమెకు తెల్వదన్నది నాకు యాదిల లేకుండె. ఇచ్చిన ఒక్క మాట గూడ పోయింది.

"భయపడ్తవని చెప్పలేదంట అక్కా."

"నువ్వు చూసినవా వాన్ని, నీ కండ్లతోని?"

"చూసిన."

"ఎట్లున్నడు? చూసింది చెప్పు. ఒక్క ముక్క కలిపినా ఈ బకెట్ నీ నెత్తి మీద పోస్త."

నోరు తెరిచిన. వకీలు గర్జన, ఆగిన ఫ్యాను, పిండిన అంగీ అన్నీ నాలుక మీద వరుసగ నిలబడి ఉన్నయి. ఒక్కొక్కదాన్ని వెనుకకు పంపిన. చివరికి మిగిలింది ఇంతే.

"తెల్ల అంగీ వేసుకున్నడు. మొదలు గొంతు కొంచెం ఆగింది. ఒకాయన నీళ్ళిస్తే తాగిండు. తర్వాత జరిగిందంతా చెప్పిండు. తప్పులు లేకుండ చెప్పిండు."

"నీళ్ళిచ్చినాయన ఎవరు?"

"పోలీసాయన. ఒక్కడే."

అక్క గడప మీద కూసున్నది. "తెల్ల అంగీ నేనే ఇస్త్రీ చేసిన" అన్నది. "పెద్ద ఆఫీసుల ఏసీ పని అన్నడు, మంచి అంగీ వేస్కపో అన్న. ఆ దెబ్బ తగిలినాయన బతికిండా?"

"బతికిండు."

తల ఊపింది. తర్వాత నా దిక్కు తిరిగింది. అక్క కోపం చేస్తే నేను తట్టుకుందును, ఎంతో కొంత జవాబు చెప్పుకుందును. ఆమె కోపం చెయ్యలే.

"ఆయన పోయినప్పుడు గూడ నా గేటు కాడ ప్రార్థన ఆగలే. ఇప్పుడు నా కొడుకు ఒకని పానం కాపాడిండని ఆగాల్నా తమ్మీ?"

"కోర్టు నుంచి వచ్చిన సమను కాగితం పిల్లగాని తాన ఉంటది అక్కా. సాక్షి అని రాసి ఉంటది దాంట్ల. అది చూపిస్తే పెద్దలు..."

"కాగితం ఎందుకు? నా కొడుకు మంచోడని గేటుకు కాగితం అంటిచ్చుకోవాల్నా నేను? నోటితోని పోగొట్టినవ్ గదా, నోటితోనే తే. రేపు నా గేటు కాడ అందరుంటరు. మైకు ఉంటది. చెప్పు."

"వాళ్ళు నమ్మరక్కా."

"నమ్మనోళ్ళు పోతరు. నువ్వు చెప్పు. పటం మేకుకు పెట్టిపో."

పెట్టిన. ఒంకర పెట్టిన్నని లేచొచ్చి ఆమే సర్దింది.

మర్నాడు నేను ఆఫీసుకు సగం పూట సెలవు పెట్టిన. నాలుగున్నరకే బయల్దేరినం, ఇఫ్తార్ సైరను మోగేలోపు అయిపోవాలె. జనం లక్షకు పైన. అంటే ఓ డెబ్భై మంది. ముందర సిలువ, వెనుక పాట, మధ్యల మైకు డబ్బా పెట్టిన తోపుడు బండి. మొదటి స్థలం, రెండోది, మూడోది అయినయి. ఉపదేశి అన్న లెక్క ప్రకారం నాలుగో దానికి నేరుగ మా ఇంటికి పోవాలె. కాని అక్క గేటు ముందర స్టూలు ఉన్నది, తెల్లగుడ్డ ఉన్నది, పటం ఉన్నది. పక్కన అక్క నిలబడ్డది. ఆమె వెనుక కొడుకు, తల వంచుకొని, అదే తెల్ల అంగీల. ఉపదేశి అన్న పటాన్ని చూసి నన్ను చూసిండు. నేను ఆయన చేతులకెల్లి మైకు తీసుకున్న. అది ఒకసారి కీచుమన్నది.

"పోయిన శుక్రవారం నేను ఈ ఇంటి పిల్లగాని గురించి మాట్లాడిన. ఆయన కోర్టుకు సాక్షిగ వచ్చిండు. రోడ్డు మీద పడ్డ మనిషిని దవాఖానకు తీస్కపోయిండు గనుక వచ్చిండు. సాక్షి అన్న మాట నేను మింగిన. తక్కిందంతా కలిపిన. తప్పు నాది."

వెనుకకెల్లి వడ్రంగి అన్న గొంతు. "ఇది గూడ కథేనా సారూ?"

"కాదన్నా."

నవ్వుతరనుకున్న, నవ్వలే. నమ్మిన్రో లేదో మొహాలల్ల కనపడలే. ఒకరి మొహం ఒకరు చూసుకున్నరు. తోపుడు బండి పట్టినాయన ముందుకు పోవాల్నా వద్దా అన్నట్టు నిలబడ్డడు.

అక్క నా చేతుల మైకు తీసుకున్నది. "అయిందా?" అని నన్నడిగింది. తర్వాత పుస్తకం తెరిచి జనం దిక్కు చూసింది. "మోకాళ్ళూనుండ్రి."

ముందుగాల ముసలోళ్ళు కూలబడ్డరు. వాళ్ళ వెనుక ఆడోళ్ళు, దర్జీ, వడ్రంగి అన్న. అందరి తర్వాత ఉపదేశి అన్న. గల్లీల నిలబడ్డోళ్ళు ఎవ్వరు లేరు. అక్క ప్రతి ఏడు చదివినట్టే చదివింది, యాడ ఆగలే. కొడుకు మాత్రం ఆమె చదువుతున్నంతసేపు తల ఎత్తి ఆమెనే చూసిండు.

మా కాడ ఒక పద్ధతి ఉన్నది, ప్రతి స్థలం కాడి నుంచి తర్వాతి స్థలం దాక ఆ ఇంటోళ్ళే సిలువ మొయ్యాలె. అక్క కొడుకు ఒక కొన భుజానికెత్తుకున్నడు. రెండో కొనకు ఆయన నాయిన ఉండాల్సిన జాగ ఖాళీ. ప్రతి ఏడు ఎవరో ఒకరు పట్టుకుంటరు. నా దిక్కు తిరిగిండు.

"పట్టు మామా. అమ్మకు చెప్పినవంట గదా."

పట్టిన. దాని బరువు ఎంతని ఈడ రాయను. మద్ది కట్టె, వడ్రంగి అన్ననే చేసిండు, కావాలంటే ఆయనను అడుగుండ్రి. ఐదో స్థలం కాడ దించబోతే పిల్లగాడు "ఉండనీ" అన్నడు. ఆరుకు పోయినం, ఏడుకు పోయినం. తొమ్మిదో స్థలం రాంగనే ఇస్త్రీ డబ్బా భాయ్ పెట్టె పక్కకు పెట్టి, ఎప్పటి లెక్కనే లేచి నిలబడ్డడు.

"క్యా సాబ్, ఆజ్ మైక్ పే భోత్ కమ్ బోలే?"

అవును, తక్కువనే మాట్లాడిన అన్నట్టు సిలువ కిందికెల్లి తల ఊపిన.

ఎదురుంగ మా గేటు, గేటు ముందర గుంత. సరిగ్గ ఆడ, సిలువ భుజం మీద ఉండంగ నేను తూలి మోకాళ్ళ మీద పడ్డనని రాస్తే ఈ కథకు మంచిగుంటది. మా ఆమె గూడ స్టూలు కాడ కొవ్వొత్తి పట్టుకొని అదే చూస్తున్నది. పడలే. గుంత అంచు పొంటి, కాలు చూసుకుంట, మెల్లగ దాటిన.